మంజూరు కాని ఆరోగ్యం

భుజం నొప్పి తగ్గిపోయినందుకు ఒక మనిషికి సంజాయిషీ నోటీసు అందజేయవలసి రావడం నా పద్నాలుగేళ్ళ సర్వీసులో అదే మొదటిసారి. నొప్పి తగ్గలేదని జనం మా మీద అర్జీలు పెట్టడం నాకు తెలుసు. తగ్గిందని మేము జనం మీద కాగితం పెట్టడం కొత్త. అయినా కాగితం మీద సంతకం, సంతకం కింద ముద్ర, ముద్ర పక్కన తేదీ అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఇక ఆలోచించడానికేముంది? స్కూటరు తీసి పాలలంక బయల్దేరాను.

నా పేరు రామలింగం. కోనసీమలో మా టౌను ఆసుపత్రి వెనక, పాత సామాన్ల గదికి సున్నం కొట్టించి పెట్టిన సూదివైద్య పరిశోధన కేంద్రంలో జూనియర్ అసిస్టెంటుని. సూదివైద్యం అంటే ఇంజెక్షన్ కాదు. వెంట్రుకంత సన్నటి సూదుల్ని ఒంటిమీద ఫలానా ఫలానా చోట్ల గుచ్చి, కాసేపు ఉంచి తీసేస్తారు. చైనా వాళ్ళది, ఆక్యుపంక్చర్ అంటారు. ఆ ఏడాది పైవాళ్ళకి దానిమీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. ఏ జబ్బుకి పనిచేస్తుందో తేల్చమని జిల్లాకొక జబ్బు చొప్పున పంచిపెట్టారు. ఒక జిల్లాకి మోకాళ్ళు, ఒక జిల్లాకి పార్శ్వపు నొప్పి. పక్క జిల్లాకి గురక వచ్చింది. మాకు భుజం పట్టేయడం వచ్చింది.

పద్ధతి మంచిదే. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవనివాళ్ళని అరవై మందిని పోగుచేశాం. చీటీలు తీసి రెండు జట్లు చేశాం. మొదటి ముప్ఫై మందికీ అసలు సూది. రెండో ముప్ఫై మందికీ ఉత్తుత్తి సూది. నాటకాల్లో కత్తి పొడిస్తే మొన పిడిలోకి పోతుందే, ఆ బాపతు. చర్మానికి తగిలి చురుక్కుమనిపిస్తుంది గాని లోపలికి దిగదు. ఎవరిది ఏ జట్టో రోగులకి తెలియకూడదు. నెలనెలా చెక్క కోణమానిని పెట్టి ఎవరి చెయ్యి ఎంత లేస్తోందో కొలిచే నాకూ తెలియకూడదు. మూడు నెలలయ్యాక సీలు కవరు విప్పి చూసుకోవాలి. అసలు సూదికి ఎక్కువ తగ్గి, ఉత్తుత్తి దానికి తక్కువ తగ్గితే సూదిలో సత్తా ఉన్నట్టు.

సూదులు పెట్టే మనిషి డాక్టర్ ఎస్తేరు రాణి. ముప్ఫై రెండేళ్ళుంటాయి, కాంట్రాక్టు ఉద్యోగం. లెక్క అంటే లెక్కే ఆవిడకి. నేను నూట పదమూడు డిగ్రీలని నూట పది వేస్తే, "మిగతా మూడూ ఎవరికి దాచారు లింగంగారూ?" అనేది.

మా పై అధికారి వేమవరపు దక్షిణామూర్తిగారు, డిప్యూటీ డైరెక్టరు. అంతకుముందు తూనికలు కొలతల శాఖలో ఇరవై ఏళ్ళు చేసి, మాకు డిప్యుటేషన్ మీద వచ్చారు. ఆయనకి వైద్యం తెలియదు గాని తూకం తెలుసు. అసలు కిలోరాయి కిలో తూగాలి. నకిలీ రాయి తక్కువ తూగాలి. నకిలీ రాయి కూడా కచ్చితంగా కిలో తూగిందంటే, ఆయన దృష్టిలో అంతకంటే పెద్ద నేరం లేదు.

సీలు కవరు విప్పిన రోజు సరిగ్గా అదే జరిగింది. అసలు జట్టులో ముప్ఫైకి ఇరవై మందికి తగ్గింది. ఉత్తుత్తి జట్టులో ముప్ఫైకి పందొమ్మిది మందికి తగ్గింది.

దక్షిణామూర్తిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు. పందొమ్మిది అలాగే ఉంది.

"డాక్టరుగారూ, ఇది ఏమి అరాచకము?"

"ఫలితమండీ."

"ఫలితము కాదు, అతిక్రమణ. మనము పంపిన ప్రతిపాదనలో, ఆశించిన ఫలితముల పట్టికలో, రెండవ జట్టునకు మంజూరైన ఆరోగ్యముల సంఖ్య ఎంత?"

"సున్న అని మీరే వేశారండీ. నేను వద్దన్నాను."

"మరి ఈ పందొమ్మండుగురు ఎవరి ఉత్తర్వుల మేరకు కోలుకొనిరి?"

డాక్టరుగారు ఓపికగా చెప్పింది. ఇలాంటి పరీక్షల్లో చాలాసార్లు ఇలాగే వస్తుందనీ, రెండింటికీ పెద్ద తేడా రాకపోతే రాలేదని రాయడమే పరిశోధన అనీ చెప్పింది. "ఉన్నది ఉన్నట్టు పంపేద్దాం సార్. తప్పేముంది?"

"అసలునకూ ఉత్తుత్తికీ తేడా లేదని ప్రభుత్వ కాగితము మీద వ్రాయమంటారా? రేపు నాకూ ఈ రామలింగానికీ తేడా లేదంటారు. కాదు. ఏమయ్యా లింగం, పందొమ్మండుగురికీ నోటీసులు తయారు చెయ్యి."

నేను తయారు చేశాను.

పాలలంకలో మొదటి నోటీసు గుత్తుల అమ్మాజీది. ఆవిడ పూతరేకులు తీస్తుంది. నేను వెళ్ళేసరికి పాకలో పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంది. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, రెండు చేతులా రెండు కొసలూ పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగితే, కాగితం లాంటి రేకు లేచి వస్తోంది. రోజుకి మూడొందలు తీసే చేతులు. కిందటేడు కుడి భుజం పట్టేసి ఐదు నెలలు పొయ్యి వెలిగించలేదు. ఇప్పుడు కుడిచెయ్యి బ్రహ్మాండంగా ఆడుతోంది గాని, ఎడంచెయ్యి లాగినప్పుడు మొహం ముడుచుకుంటోంది.

"రండి బాబుగారూ. కుర్చీ లేదు, ఆ బత్తా మీద కూచోండి. ఓ రేకు తింటారా?"

"డ్యూటీలో ఉన్నానమ్మా," అని తిన్నాను.

"ఎడం సెయ్యి మాటేనా అండీ? ఇదీ పట్టేత్తంది. వైశాఖం పెళ్ళిళ్ళకి ఒప్పేసుకున్నాను. డాట్రమ్మగారు సోమారం రమ్మన్నారు."

"ఎడం చెయ్యి మాట కూడా ఇందులో ఉందమ్మా," అని కాగితం చదివాను.

"ఉత్తుత్తి సూదుల జట్టునకు చెందిన క్రమసంఖ్య ఇరువది ఏడు, శ్రీమతి గుత్తుల అమ్మాజీ అను మీరు, పనిచేయని సూది తప్ప ఎట్టి చికిత్సయూ పొందకయే, ముందస్తు అనుమతి లేకుండ, కుడి భుజము నొప్పి నుండి కోలుకొని యుంటిరి. ఇది పరిశోధనా నిబంధనలకు విరుద్ధము. మీపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలోగా తెలియజేయవలెను. అంతవరకు మీ ఎడమ భుజము చికిత్స నిలుపుదల చేయడమైనది."

"ఓ పాలి మళ్ళీ సదవండి."

చదివాను.

"అంటే, తగ్గినందుకా అండీ?"

"అవునమ్మా."

"తగ్గకూడదేటండీ?"

"మీకు తగ్గకూడదు. మీకు పెట్టింది అసలు సూది కాదు. తగిలి వెనక్కి పోయే సూది. లోపలికి దిగలేదు."

అమ్మాజీ తన కుడి భుజం వైపు, అబద్ధమాడి దొరికిపోయిన పిల్లని చూసినట్టు చూసుకుంది.

"మరి తగ్గిందేటండీ?"

"అదే వారు అడుగుతున్నారు."

"నాకేం తెలుసండీ బాబూ! తెలిత్తే నేనే ఓ ఆస్పత్రి ఎట్టుకుందును కదా!"

ఆవిడకి చదువు లేదు. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వకపోతే ఎడంచేతి వైద్యం ఆగిపోతుంది. చివరికి, "మీరే రాసెయ్యండి. ఏం రాత్తే ఆరి కోపం సల్లారుద్దో అదే రాయండి," అంది.

ఆ బస్తా మీదే కూర్చుని రాశాను. "అయ్యా, నాకు నొప్పి తగ్గుట బుద్ధిపూర్వకముగా జరిగినది కాదు. నిబంధనలు తెలియని అజ్ఞానము చేత కోలుకొంటిని. ఇకముందు ఇట్టి పొరపాటు జరుగకుండ జాగ్రత్త వహింతునని మనవి చేయుచు, ఎడమ భుజము విషయమై దయతలచ ప్రార్థన." ఆవిడ వేలిముద్ర వేసింది. ఆఫీసుకి తెచ్చాను. జవాబు వచ్చినప్పుడు దానిమీద ఆఫీసు నోటు పెట్టాలి. అదీ నా పనే. "సంజాయిషీ తృప్తికరముగా లేదు" అని పెట్టాను. దక్షిణామూర్తిగారు నోటీసు, జవాబు, నోటు వరసగా చదివి, మూడోది చాలా బాగుందన్నారు.

తరవాత విచారణ. పందొమ్మిది మందినీ పిలిపించి వరండాలో బెంచీల మీద కూర్చోబెట్టారు. మొదట అమ్మాజీ. బల్లకి ఆ పక్క దక్షిణామూర్తిగారు, ఈ పక్క డాక్టరుగారు, మధ్యలో కోణమానిని పట్టుకుని నేను.

"కుడి హస్తము ఎత్తుము."

అమ్మాజీ ఎత్తింది. కొలిచాను. నూట అరవై ఐదు.

"రెండవ జట్టునకు అనుమతించబడినది నలుబది ఐదు. దించుము."

"ఇంకొంచెం దించండమ్మా," అన్నాను. "ఇంకొంచెం. యాభై రెండు. నలభై ఏడు. ఆ, అక్కడ ఆగండి."

"ఇకమీదట ఇంతే," అన్నారు దక్షిణామూర్తిగారు.

"మరి జడేసుకోడానికండీ?"

"విచారణ ముగియువరకు జడ వాయిదా."

డాక్టరుగారు బల్ల మీద పెన్ను పెట్టేసింది. "సార్, నొప్పి తగ్గిన మనిషిని పట్టుకుని తిడుతున్నాం. ఎందుకు తగ్గిందో అడగరా?"

"అడుగుచున్నాను. ఏమమ్మా, ఏల తగ్గినది?"

అమ్మాజీ నలభై ఐదు డిగ్రీల దగ్గరే చెయ్యి ఉంచుకుని ఆలోచించింది.

"డాట్రమ్మగారు పక్కన ముక్కాలిపీట ఏసుకుని కూచునేవోరండీ. ఏ పక్క పడుకుంటే సలుపుద్ది, రైక ఎలా తొడుక్కుంటున్నావు, కుండ మీద లాగినప్పుడు ఎక్కడ పట్టుద్ది అని అడిగేవోరు. ఇరవై నిమిషాలండీ. నాకు నలభయ్యారేళ్ళొచ్చాయి. నా భుజం గురించి అంతసేపు ఎవరడిగారండీ? గోడ మీద ఏళ్ళు పెట్టి సీమ పాకినట్టు రోజూ పైకి పాకించమన్నారు. పాకించానండీ. సీమ పోయింది, పోయింది, దూలందాకా పోయింది."

"కూర్చుండుట," అని దక్షిణామూర్తిగారు రాసుకున్నారు. "డాక్టరుగారూ, పనిచేయని సూదిని పెట్టి పక్కన కూర్చుండవలసిన అవసరమేమి?"

"రెండు జట్లకీ అన్నీ సమానంగా జరగాలండీ, సూది ఒక్కటి తప్ప. గోడ వ్యాయామం కూడా ఇద్దరికీ చెప్పాను. అదే నియమం."

"కాదు. పరికరము పనిచేయనిది. రోగి కోలుకొనినది. కావున పరికరము మార్చబడి ఉండవలెను. స్టాకు తనిఖీ జరగవలెను."

ఉత్తుత్తి సూదులు నిజంగా ఉత్తుత్తివేనా అని తేల్చడానికి, మిగిలిన మూడొందల అరవై సూదుల్నీ ఒక్కొక్కటే నా ముంజేతి మీద పొడిచి చూశారు. రెండు రోజులు పట్టింది. ఒక్కటీ దిగలేదు. అన్నీ నాణ్యమైన నకిలీలేనని ధ్రువపత్రం రాశాం. ఆ తనిఖీ తర్వాత, టైపు కొట్టి కొట్టి ఏళ్ళ తరబడి పీకుతున్న నా మణికట్టు నొప్పి మాయమైంది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం పిల్లలు గలవాణ్ణి.

సూదుల తప్పు లేదని తేలిపోయేసరికి, తప్పు మనుషుల మీదికి వచ్చింది. పై శుక్రవారం రాజధాని నుంచి కమిషనరుగారు మా కేంద్రం చూడటానికి వస్తున్నారని కబురు. బుధవారం నాడు డాక్టరుగారు వార్డులో ఉన్న సమయం చూసి, దక్షిణామూర్తిగారు పందొమ్మిది మందినీ పిలిపించారు.

"సోదర సోదరీమణులారా, ఈ అనధికార ఆరోగ్యమునకు మీరు బాధ్యులు కారని నేను నమ్ముచున్నాను. కూర్చుండిన వ్యక్తి బాధ్యులు. శుక్రవారము నాడు మీకు నొప్పి తగ్గలేదని మీరు చెప్పినచో, విచారణలన్నియు మూసివేయబడును. ఎడమ భుజములు గలవారికి చికిత్స పునరుద్ధరింపబడును. డాక్టరుగారి కాంట్రాక్టు కొనసాగును. తగ్గినదని చెప్పినచో, ఆమెకు ఇదే చివరి నెల."

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ బయటికి వచ్చారు. ఈ మాట డాక్టరుగారికి నేనే చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా గేటు దాకా పరిగెత్తి వాళ్ళని ఆపింది.

"నా కోసం అబద్ధం చెప్పకండి. నాకు ఇంకెక్కడైనా పని దొరుకుతుంది. మీరు తగ్గలేదంటే, ఈ మూడు నెలల పనీ అబద్ధమైపోతుంది."

"అబద్ధం ఎందుకవుద్దండీ," అంది అమ్మాజీ. "నాకు ఎడం సెయ్యి నొప్పే కదా."

"వాళ్ళు అడిగేది కుడి చెయ్యి."

"రెండూ ఓ మడిసివే కదండీ. మీరెల్లిపోతే ఈ ఎడం సెయ్యిని ఎవరడుగుతారు?"

డాక్టరుగారు అటు తిరిగి మొహం తుడుచుకుంది. కళ్ళు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో నేను చూడలేదు. చూసి ఉంటే నోటు పెట్టాల్సి వచ్చేది.

శుక్రవారం నాడు హాల్లో ఎడంపక్క బెంచీల మీద అసలు జట్టు, కుడిపక్క ఉత్తుత్తి జట్టు, మొత్తం అరవై మందీ కూర్చున్నారు. కమిషనరుగారు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. చురుకైన ఆవిడ. కుర్చీలో కూర్చోలేదు. దక్షిణామూర్తిగారు అందించిన నివేదికని పక్కకి నెట్టేశారు.

"నాకు ఫైళ్ళు వద్దండీ. నేను ఫీల్డ్ మనిషిని. పీపుల్‌నే డైరెక్టుగా అడుగుతాను. అదే రియల్ టైమ్ డేటా. నాకు పది నిమిషాలే ఉంది, నెక్స్ట్ రొయ్యల చెరువు ఉంది." జనం వైపు తిరిగారు. "చూడండమ్మా, భయపడకండి. ఎవరికి నొప్పి తగ్గలేదో, వాళ్ళు చేతులెత్తండి!"



"ఏ భుజమునకు పరిశోధన జరిగినదో సంబంధిత హస్తమునే ఎత్తవలెను," అని దక్షిణామూర్తిగారు గట్టిగా అందుకున్నారు. "రెండవ హస్తము ఎత్తినచో లెక్కించబడదు."

నేను డాక్టరుగారి వైపు చూశాను. ఆవిడకి నాకంటే అర నిమిషం ముందే అర్థమైపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కుడిపక్క బెంచీల మీంచి మొట్టమొదట అమ్మాజీ చెయ్యి లేచింది. చెవిని రాసుకుంటూ నిటారుగా, ఫ్యాను అందుకునేటట్టు లేచింది. ఆవిడ వెనక ఒకటి, పక్కన ఒకటి, అలా పందొమ్మిది చేతులూ జెండా కర్రల్లా లేచి నిలబడ్డాయి. పందొమ్మిది మందీ ఆరోగ్యం ఉట్టిపడే భుజాలతో, తమకి నొప్పి తగ్గలేదని సాక్ష్యం చెప్పారు.

అదే జట్టులో నిజంగా తగ్గని పదకొండు మందీ చేతులెత్తలేదు. ఎత్తలేరు గనక.

ఎడంపక్క అసలు జట్టులో తగ్గిన ఇరవై మందీ నిజాయితీగా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. తగ్గని పదిమందీ ప్రయత్నించారు. రిటైరైన పోస్టుమాన్ అవతారంగారు పళ్ళు బిగబట్టి చెయ్యి లేపితే, అది చొక్కా జేబు దాకా వచ్చి ఆగిపోయింది. "అండీ, అండీ," అన్నారు ఆయన.

"పెద్దాయన పెన్ను వెతుక్కుంటున్నారు, ఎవరైనా ఇవ్వండి," అన్నారు కమిషనరుగారు. ఎవరో ఇచ్చారు.

కమిషనరుగారు వేలితో చేతులు లెక్కపెట్టి చిన్న పుస్తకంలో రాసుకున్నారు. "అసలు సూది జట్టు: తగ్గనివాళ్ళు సున్న. అంటే ముప్ఫైకి ముప్ఫై సక్సెస్! ఉత్తుత్తి జట్టు: పందొమ్మిది మందికి తగ్గలేదు. వెల్ డన్ మూర్తిగారూ! ఇంత క్లియర్ డేటా నేను ఏ జిల్లాలోనూ చూడలేదు."

దక్షిణామూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన వేసిన పట్టికలో కూడా అసలు జట్టుకి ఇరవై నాలుగే మంజూరు.

"మేడం," అని డాక్టరుగారు ముందుకు వచ్చింది. "ఇది భుజం జబ్బండీ. తగ్గనివాళ్ళు చెయ్యి ఎత్తలేరు. ఎత్తినవాళ్ళందరికీ తగ్గినట్టు. మీరు లెక్క తిరగేసి..."

"ఎత్తలేకపోవడమేంటి డాక్టర్? నేనే కదా ఎత్తమన్నాను." కమిషనరుగారు డాక్టరుగారి వీపు తట్టారు. "నెగెటివ్‌గా ఆలోచించకండి. ఆ పందొమ్మిది మందినీ చూడండి పాపం. ఎంత పైకెత్తారో! ఎంత నొప్పి ఉంటే అంత పైకెత్తుతారు!"

కమిషనరుగారు రొయ్యల చెరువుకి వెళ్ళిపోయారు. చేతులు దించమని ఎవరూ చెప్పకపోవడం వల్ల, మా పందొమ్మిది మందీ ఇంకో ఐదు నిమిషాలు అలాగే ఉన్నారు.

పదిహేను రోజుల్లో ఉత్తర్వులు వచ్చాయి. అసలు జట్టులో ముప్ఫై మందికీ, ఉత్తుత్తి జట్టులో చెయ్యెత్తని పదకొండు మందికీ కోలుకున్నందుకు అభినందన పత్రాలు. పరిశోధన ఘనవిజయం గనక డాక్టరుగారి కాంట్రాక్టు మరో ఏడాది పొడిగింపు. దక్షిణామూర్తిగారికి ప్రశంసాపత్రం. చెయ్యెత్తిన పందొమ్మిది మందీ "తీవ్ర బాధితులు" కాబట్టి వాళ్ళు ఏ భుజానికి కోరితే ఆ భుజానికి అసలు సూదులతో చికిత్స. అంతేగాక, నెలకోసారి హాజరై నొప్పి తగ్గిందో లేదో చేతులెత్తి తెలపాలి.

డాక్టరుగారు ఆ ఉత్తర్వు చదివి చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగాక కూర్చుని, తన పుస్తకంలో ఉన్న అసలు లెక్క, ఇరవై, పందొమ్మిది, ఒక్క డిగ్రీ కూడా దాచకుండా నాలుగు పేజీల ఉత్తరం రాసి, సంతకం పెట్టి పైకి పంపింది. ఉద్యోగం పోతుందేమోనని నేను భయపడ్డాను. జవాబు వారంలో వచ్చింది. "మీ లేఖ అందినది. చేతుల లెక్కతో సరిపోలనందున తిప్పి పంపడమైనది." ఆవిడ దాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుని, రెండో కాపీ ఒక వైద్య పత్రికకి పంపింది. వాళ్ళు ఇంకా చదువుతున్నారట.

నిజంగా తగ్గనివాళ్ళు ఇరవై ఒక్కమంది మిగిలారు కదా. కాగితం మీద వాళ్ళకి తగ్గిపోయింది. పత్రాలు అందిన మర్నాడు అవతారంగారు తన అభినందన పత్రాన్ని ఎడంచేత్తో పట్టుకుని వచ్చారు.

"అమ్మా, నాకు తగ్గిందని ఇందులో రాశారు. సంతోషమే. కానీ తల దువ్వుకోలేకపోతున్నాను."

"కొత్త చీటీ రాయించుకోండి బాబాయిగారూ," అంది డాక్టరుగారు. "పాత నొప్పి తగ్గిపోయిందన్నారుగా, ఇది కొత్త నొప్పి. కొత్త నొప్పికి రావద్దని ఎక్కడా లేదు." అలా ఇరవై ఒక్కమందినీ మళ్ళీ చేర్చుకుంది. నేను చీటీలు రాశాను. ఏ సూది కావాలని అడిగితే, "ఆ పూతరేకులావిడకి పెట్టిందే పెట్టండి," అన్నారు అవతారంగారు.

ఆ తర్వాతి సోమవారమే అమ్మాజీ ఎడంచేతి వైద్యానికి వచ్చింది. డాక్టరుగారు రెండు సూదులూ పళ్ళెంలో పెట్టి చూపించింది.

"ఇది అసలు సూది. ఇది ఉత్తుత్తిది. ప్రభుత్వం నీకు అసలుదే పెట్టమంది. నా లెక్కలో రెండింటికీ ఒక్క మనిషే తేడా. దాచకుండా చెప్తున్నాను, ఏది కావాలో నువ్వే చెప్పు."

అమ్మాజీ అసలు సూది వైపు వంగి చూసి వెనక్కి జరిగింది. "ఇది లోపలికి దిగుద్దాండీ?"

"కొంచెం."

"వద్దండీ బాబూ! గుచ్చుకుంటాదంట కదండీ!"

డాక్టరుగారు ఉత్తుత్తి సూదే పెట్టింది. పెట్టి, పీట లాక్కుని కూర్చుంది. గోడ మీద ఎడంచేతి చీమ కూడా బయల్దేరింది. వైశాఖం పెళ్ళిళ్ళలో సగం పోయాయి, సగం అమ్మాజీ నిలబెట్టుకుంది. ఆషాఢం వెళ్ళేసరికి ఎడంచెయ్యి నూట యాభై నాలుగు చూపించింది. యాభై అని వేయబోయి, నాలుగు కూడా వేశాను.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి సోమవారం ఆ పందొమ్మిది మందీ వస్తారు. దక్షిణామూర్తిగారు కుర్చీలోంచి లేచి, "నొప్పి తగ్గనివారు హస్తములు ఎత్తుడు," అంటారు. పందొమ్మిది చేతులు నిటారుగా లేస్తాయి. నేను లెక్క రాసుకుంటాను. వాళ్ళు డాక్టరుగారిని పలకరించి, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోతారు.

పోయిన సోమవారం హాల్లో ఇరవయ్యో చెయ్యి లేచింది. తన కొత్త నొప్పికి సూది కోసం వచ్చి వెనక బెంచీలో కూర్చున్న అవతారంగారిది. ముందు జేబు దాకా వచ్చింది, తర్వాత గడ్డం దాకా వచ్చింది, అక్కడ కాస్త వణికి, నెమ్మదిగా తలపైకి వెళ్ళి నిలబడింది. ఆయన తన చెయ్యి వైపు తనే నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఆ చేత్తోనే జుట్టు ఒకసారి సవరించుకున్నారు. అమ్మాజీ, "ఓలమ్మో, లేచిందండీ!" అని అరిచింది. డాక్టరుగారు చప్పట్లు కొడుతూ వార్డులోంచి పరిగెత్తుకొచ్చింది. హాలంతా ఒకటే గోల.

దక్షిణామూర్తిగారు కళ్ళజోడు సవరించుకుని ఆ చేతిని చూశారు. చూసి, చాలా దిగులుగా నావైపు వంగారు.

"రాసుకోవయ్యా లింగం. మొదటి జట్టులో ఒకరికి తిరగబెట్టినది."